ఒక్కో భాగానికి ఒక్కో వెలుతురు: మడుగు మొక్కల ఫొటోలపై ఒక కేస్ స్టడీ

లోతు తక్కువ మడుగు ఒకటి. దాని అంచున తడి ఇసుకలో జిగురుతో పురుగుల్ని పట్టే డ్రోసెరా, నీళ్లలో తిత్తులతో పురుగుల్ని పట్టే పసుపు పూల యుట్రిక్యులేరియా, మధ్యలో కలువలు, అవతలి గట్టున జమ్ము. ఈ నాలుగింటికీ, చూస్తే జాతి గుర్తుపట్టేలా ఉండే ఫొటోలు కావాలని ఒక వృక్షశాస్త్రవేత్త అడిగారు. మొక్కను కోయకూడదు, పీకకూడదు, ఫ్లాష్ వాడకూడదు. ఫ్లాష్ వద్దనడానికి ఆవిడకు కారణం ఉంది. ఆవిడ దగ్గరున్న పాత ఫొటోల్లో మొక్క మాత్రం తెల్లగా వెలిగిపోతూ, వెనకాల నీళ్లన్నీ నల్లగా మారిపోయాయి. ఆ మొక్క నీళ్లలో ఉందో, గట్టు మీద ఉందో, నీడన పెరిగిందో, ఎండలో పెరిగిందో వాటిని చూసి చెప్పలేం.

సహజ కాంతి అనగానే ఫొటోగ్రాఫర్లందరం పొద్దున్నే నీరెండకు పరిగెడతాం. అందానికి అది మంచిదే. గుర్తింపు ఫొటోలకు మాత్రం చాలాసార్లు పనికిరాదు. వెలుతురు ఏ రంగువైపు మొగ్గుతుందో చెప్పే కొలత రంగు ఉష్ణోగ్రత, అది తక్కువైతే నారింజ, ఎక్కువైతే నీలం. సూర్యోదయం వేళ అది 3000 కెల్విన్ దగ్గర ఉంటుంది, మధ్యాహ్నం ఎండలో 5500 దాకా వస్తుంది. నీరెండలో తీసిన తెల్ల పువ్వు లేత నారింజ రంగులో కనిపిస్తుంది. తెలుపు తెల్లగా వచ్చేలా రంగును సర్దే వైట్ బ్యాలెన్స్‌తో దాన్ని సరిచేయబోతే, ఆకాశం వెలుగు మాత్రమే పడుతున్న నీడ భాగాలు నీలంగా మారతాయి. పైగా అంత వాలుగా వచ్చే ఎండ నీళ్లలోకి సరిగా దిగదు. సూర్యుడు దిగంతానికి పది డిగ్రీల పైన ఉన్నప్పుడు, నిశ్చలంగా ఉన్న నీటి మీద పడే ఎండలో దాదాపు మూడో వంతు లోపలికి పోకుండా పైనుంచే వెనక్కి వెళ్లిపోతుంది. సూర్యుడు 45 డిగ్రీలు ఎక్కేసరికి వెనక్కి పోయేది మూడు శాతం లోపే. నీటి అడుగున ఉన్న మొక్కను పొద్దున్నే తీస్తానంటే దీపం ఆర్పేసి చదువుతానన్నట్టే.

అందుకని ఈ పనిలో నేను పెట్టుకున్న పద్ధతి వేరు. ఏ మొక్కను ఎప్పుడు తీయాలి అని కాకుండా, ఏ మొక్కలో ఏ భాగాన్ని ఏ వెలుతురులో తీయాలి అని రాసుకున్నాను. ఒకే మొక్కకు పొద్దున ఒక వెలుతురు, పదింటికి ఇంకొకటి, మబ్బు పట్టాక మరొకటి అవసరమవుతాయి. షూటింగ్ షెడ్యూల్ మొత్తం ఆ జాబితా మీదే నడిచింది.

డ్రోసెరా: జిగురుకు ఎదురెండ, పువ్వుకు డిఫ్యూజర్

ఇక్కడ ఉన్నది డ్రోసెరా బర్మానీ. నేలకు అతుక్కుని, రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పున గుండ్రంగా పరుచుకునే చిన్న మొక్క. ఆకుల మీద సన్నని ఎర్రటి వెంట్రుకల్లాంటివి ఉంటాయి. వాటి కొసల్లో జిగురు బొట్లుంటాయి. చీమో దోమో అంటుకుంటే అంచున ఉన్న పొడుగు వెంట్రుకలు కొన్ని సెకన్లలోనే లోపలికి వంగుతాయి. మాంసాహార మొక్కల్లో ఇంత వేగం తక్కువ వాటికే ఉంది.

ఆ బొట్లు మంచు బిందువులు కావు. పొద్దెక్కితే మంచు ఆరిపోతుంది, జిగురు ఉంటుంది. కాబట్టి పొద్దున్నే వెళ్తే రెండూ కలిసి కనిపిస్తాయి, ఫొటోలో ఏది ఏదో తెలియదు. మంచు ఆరి, సూర్యుడు ఇంకా వాలుగానే ఉన్న సమయం కావాలి. అది ఎంతోసేపు ఉండదు. గట్టిగా వాన పడ్డ మర్నాడు అసలు వెళ్లక్కర్లేదు, జిగురు కడుక్కుపోయి ఉంటుంది. మళ్లీ ఊరేదాకా ఆగాలి.

జిగురు కనిపించాలంటే వెలుతురు వెనక నుంచి రావాలి. కెమెరాను నేలకు ఆనించి, సూర్యుడికి ఎదురుగా, కాస్త పక్కకు తిప్పి పెట్టాను. మొక్క వెనకాల గట్టు నీడ పడ్డ నీళ్లు వచ్చేలా చూసుకున్నాను. ఈ వెనకాల నల్లదనం చాలా ముఖ్యం. ఆకాశం ప్రతిబింబించే నీళ్లు వెనక ఉంటే బొట్లు తెలుపులో కలిసిపోతాయి. కెమెరా ఒక అడుగు పక్కకు జరిగితే చాలు, వెనకాల తెల్లటి నీళ్లు నల్లగా మారిపోతాయి. చిత్తడి నేలలో వెలుతురును మార్చలేకపోయినా నీళ్లలో ఏం ప్రతిబింబించాలన్నది మన చేతిలోనే ఉంటుంది.

చిన్న వస్తువుల్ని దగ్గర నుంచి తీసే వంద మిల్లీమీటర్ల మాక్రో లెన్స్. సెన్సర్ మీద బొమ్మ మొక్క అసలు సైజులో సగం, అంటే 0.5 మ్యాగ్నిఫికేషన్. ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 400, ఎఫ్ 11, సెకనులో 125వ వంతు. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదవుతుంది. ఈ దగ్గరదనంలో ఎఫ్ 11 అని కెమెరా చూపించినా లెక్కకు అది ఎఫ్ 16.5 అవుతుంది. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ మీద స్పష్టంగా ఉండే లోతు సుమారు నాలుగు మిల్లీమీటర్లు. రంధ్రం ఇంకా మూసేస్తే అందులోంచి వచ్చే వెలుతురు చెదిరి (డిఫ్రాక్షన్) బొట్ల అంచులు మెత్తబడతాయి. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్‌కు పైగా, అంటే వెలుతురు సగానికంటే తక్కువయ్యేలా తగ్గించాను. లేకపోతే వెనక నీళ్ల నల్లదనాన్ని చూసి మీటర్ మొత్తం ఫొటోను తెల్లబరుస్తుంది, బొట్లన్నీ మాడిపోతాయి. ముందు వైపు ఆకులు చీకటిగా ఉండకుండా లెన్స్ కింద ఒక తెల్ల కార్డు పెట్టాను. వెండి రంగు రిఫ్లెక్టర్ పెడితే ప్రతి బొట్టులోనూ రెండో మెరుపు వస్తుంది. చూసేవాళ్లకు రెండు సూర్యుళ్లున్నట్టు ఉంటుంది.

ఫోకస్ స్టాకింగ్, అంటే ఫోకస్ మారుస్తూ తీసిన ఫ్రేముల్ని ఒకటిగా కలపడం, చేయొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. గాలి లేదు, మొక్క కదలదు, అంతా అనుకూలమే. కానీ ఎదురెండలో మెరిసే బొట్టు ఫోకస్ తప్పినప్పుడు పెద్ద వెలుగు వలయంలా ఉబ్బుతుంది. ఆ ఫ్రేములన్నీ కలిపినప్పుడు సాఫ్ట్‌వేర్ ప్రతి బొట్టు చుట్టూ తెల్లటి అంచును మిగులుస్తుంది. దాన్ని చేత్తో తుడవాలంటే అక్కడున్నది మనమే గీసినట్టవుతుంది. రికార్డు ఫొటోలో ఆ పని నాకు ఇష్టం లేదు. అందుకే జిగురు కోసం ఎదురెండలో ఒకే ఫ్రేము, ఆకుల అమరిక కోసం పైనుంచి నిలువుగా ఇంకో ఫొటో. మొక్క నేలకు పరుచుకుని ఉంది కాబట్టి పైనుంచి చూస్తే దాదాపు అంతా ఒకే మట్టంలో వస్తుంది, ఎఫ్ 8 సరిపోయింది.

పువ్వు సంగతి వేరు. డ్రోసెరా పువ్వు ఎండ బాగా వచ్చాక విచ్చుకుని, కొన్ని గంటలే తెరిచి ఉంటుంది. మబ్బు పట్టిన రోజు చాలాసార్లు తెరుచుకోదు. అంటే పువ్వుకు ఎండ కావాలి, ఆ ఎండేమో తెల్ల రేకలను మాడ్చేస్తుంది. ఇక్కడే డిఫ్యూజర్ పని. అది ఎండను చెదరగొట్టి మెత్తబరిచే పలుచని తెల్ల తెర. ఆకాశంలో సూర్యుడి వెడల్పు మనకు అర డిగ్రీయే. అంత చిన్న చోటు నుంచి వచ్చే వెలుతురు కాబట్టే నీడలు కత్తిరించినట్టుంటాయి. ముప్పై సెంటీమీటర్ల డిఫ్యూజర్‌ను పువ్వుకు జానెడు దూరంలో పట్టుకుంటే, ఆ పువ్వుకు సంబంధించినంత వరకు ఆకాశంలో పెద్ద భాగమే వెలుగుతున్నట్టు. అదే డిఫ్యూజర్‌ను మీటరు దూరంలో పెడితే మళ్లీ నీడలు గట్టిపడతాయి. చాలామంది దాన్ని ఫ్రేములోకి రాకూడదని దూరంగా పెట్టి, తర్వాత డిఫ్యూజర్‌దే తప్పంటారు.

ఒక చిన్న విషయం చెప్పాలి. తెల్ల పువ్వు తీసేటప్పుడు మన చొక్కా రంగు చూసుకోవాలి. ఎర్ర చొక్కా వేసుకుని మోకాళ్ల మీద వంగితే, పువ్వుకు మనమే ఒక ఎర్ర రిఫ్లెక్టర్. నేను ఈ పనులకు బూడిద రంగు బట్టలే వేసుకుంటాను. దగ్గర్లో పచ్చగడ్డి ఒత్తుగా ఉన్నా ఇదే గొడవ, రేకల కింద భాగం ఆకుపచ్చగా వస్తుంది. అది వైట్ బ్యాలెన్స్‌తో పోదు, ఎందుకంటే పై భాగం మీద పడేది వేరే వెలుతురు. గడ్డికి, పువ్వుకు మధ్య బూడిద రంగు కార్డు ఒకటి నిలబెడితే సరిపోతుంది.

యుట్రిక్యులేరియా: అసలు కష్టం ఇక్కడ

పైకి కనిపించేది పసుపు పువ్వు. మొక్కంతా నీళ్ల కింద ఉంటుంది. దీనికి వేళ్లు లేవు. సన్నగా దారాల్లా చీలిన భాగాల మధ్య ఒకటి రెండు మిల్లీమీటర్ల తిత్తులు ఉంటాయి. ఆ తిత్తి లోపలి నీళ్లను బయటికి తోడేసి, తలుపు బిగించుకుని కూర్చుంటుంది. నీటి పురుగు తలుపు దగ్గరి వెంట్రుకను తాకితే మిల్లీసెకను లోపే లోపలికి లాగేసుకుంటుంది. ఆ వేటను తీయాలన్న ఆశ నాకు లేదు, దానికి ల్యాబ్ కెమెరాలు కావాలి. తిత్తులు కనిపిస్తే చాలు.

మొదట పంపిన శాంపిల్ ఫొటోలు చూసి ఆవిడ ఫోన్ చేశారు. "పువ్వు బాగుందండీ, మరి కాడ ఏదీ? కాడ నీళ్లను తాకే చోటు కావాలి నాకు." యుట్రిక్యులేరియా స్టెల్లారిస్ లాంటి కొన్ని జాతుల్లో పూకాడ చుట్టూ గాలి నింపిన తేలే భాగాలు చక్రంలా ఉంటాయి. అవి ఉన్నాయా లేదా అన్నది జాతిని తేల్చడంలో పెద్ద ఆధారం. అంటే నీటి పైన పువ్వు, నీటి మట్టం దగ్గర కాడ, నీటి కింద తిత్తులు. ఒకే మొక్కలో మూడు చోట్లు, మూడింటికీ మూడు వెలుతుర్లు.

నీటి మట్టం దగ్గరి కాడకు, లెన్స్ ముందు తిప్పి మెరుపును తగ్గించే ఫిల్టర్ అయిన పోలరైజర్ సరిగ్గా సరిపోయింది. నీటి మీది మెరుపు పూర్తిగా పోయే కోణం ఒకటుంది. నిలువు గీత నుంచి సుమారు 53 డిగ్రీలు, అంటే నీటి మట్టం నుంచి చూస్తే 37. ఆ కోణంలో కెమెరా పెట్టి ఫిల్టర్ తిప్పితే ఆకాశం ప్రతిబింబం మాయమై అడుగు కనిపిస్తుంది. అయితే పూర్తిగా తిప్పితే నీళ్లే మాయమైపోతాయి. మొక్క బురదలో నిలబడ్డట్టు కనిపిస్తుంది. కాబట్టి కొంచెం వెనక్కి తిప్పి, కాడ చుట్టూ నీరు పైకి అంటుకున్న వంపు దగ్గర సన్నని మెరుపు మిగిలేలా ఆపాను. ఆ మెరుపు గీతే నీటి మట్టం ఎక్కడుందో చెబుతుంది. ఫిల్టర్‌కు ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురు పోతుంది. గాలికి ఊగే కాడకు అది చిన్న నష్టం కాదు.

తిత్తులకు మాత్రం ఈ కోణం పనికిరాలేదు. ఏటవాలుగా నీళ్లలోకి చూస్తే వక్రీభవనం వల్ల లోపలి వస్తువు నలిగినట్టు, రంగుల అంచులతో మసకగా వస్తుంది. పువ్వంత వస్తువుకైతే ఫరవాలేదు. మిల్లీమీటరు తిత్తి విషయంలో అదే మొత్తం ఫొటోను చెడగొడుతుంది. నీళ్లలోకి స్పష్టంగా చూడాలంటే నిలువుగా పైనుంచే చూడాలి. కానీ నిలువుగా చూసినప్పుడు పోలరైజర్ ఏమీ చేయదు, ఎంత తిప్పినా అంతే.

ఇక్కడ లెక్క ఒకటి ఉపయోగపడింది. నిలువుగా చూస్తే నీరు ప్రతిబింబించేది రెండు శాతమే. ఆ రెండు శాతం ఎందుకు ఇబ్బంది పెడుతోందంటే, పైన ఉన్నది తెల్లటి ఆకాశం, కింద ఉన్నది ముదురు బురద. కాబట్టి ఆ ప్రతిబింబాన్ని తీసేయాల్సిన పని లేదు, నల్లగా మారిస్తే చాలు. ముప్పై సెంటీమీటర్ల నల్ల ఫోమ్ షీటు తీసుకుని, మధ్యలో లెన్స్ పట్టేంత రంధ్రం కోసి, లెన్స్ ముందు అంచుకు తగిలించాను. ఇప్పుడు నీళ్లలో కనిపించే ఆకాశం స్థానంలో నల్ల షీటు ఉంది. నలుపులో రెండు శాతం అంటే ఏమీ లేనట్టే.

షీటు నీడ మొక్క మీద పడదా? సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులో ఉంటే, నీటికి ముప్పై సెంటీమీటర్ల పైనున్న షీటు మధ్యభాగం నీడ పాతిక సెంటీమీటర్లు పక్కకు పడుతుంది. షీటు సగం వెడల్పు పదిహేనే. కాబట్టి మొక్క ఎండలోనే ఉంటుంది. సూర్యుడు 60 డిగ్రీలు దాటితే నీడ దగ్గరకొచ్చేస్తుంది, 45 కంటే బాగా దిగితే నీళ్లలోపల వెలుతురు తగ్గడం మొదలవుతుంది. ఆ మధ్యలో ఉన్నదే మన సమయం. ఎండ ఎత్తు చూపించే యాప్ ఫోన్‌లో పెట్టుకుంటే అక్కడికెళ్లి తలకిందులవ్వాల్సిన అవసరం ఉండదు.

ఇంకో చిక్కు మిగిలింది. చిన్న అలలు ఎండను భూతద్దంలా కూడదీసి, మొక్క మీద వెలుగు గీతల్ని పరిగెత్తిస్తాయి. కంటికి అవి ముచ్చటగా ఉంటాయి. ఫొటోలో మాత్రం తిత్తి అంచు ఏదో, వెలుగు గీత ఏదో చెప్పలేం. చిన్న బిందువు లాంటి వెలుతురుకే ఆ గీతలు వస్తాయి కాబట్టి, సూర్యుడి వైపు డిఫ్యూజర్ అడ్డం పెడితే అవి చెదిరిపోతాయి. షీటు, డిఫ్యూజర్ రెండూ పెట్టాక ఐఎస్ఓ 800, ఎఫ్ 8, సెకనులో 200వ వంతు వచ్చింది. ఫోకస్ మాన్యువల్‌లోనే. ఆటో ఫోకస్ నీటి మీద తేలే పుప్పొడి రేణువును పట్టుకుని వదలదు.

ఆ ఫొటోను వంద శాతం పెంచి చూస్తే తిత్తి గోడ పలుచగా, పచ్చగా, లోపల చిన్న నల్లటి మచ్చ. పక్క తిత్తి ఖాళీగా, గాజులా ఉంది. తలుపు దగ్గర రెండు మీసాల్లాంటి వెంట్రుకలు. ఈ మీసాల కోసమే ఇంత తతంగమూ.

పసుపు పువ్వు విషయంలో ఒక హెచ్చరిక. పసుపు రంగు ఎరుపు, ఆకుపచ్చ చానళ్లను రెండింటినీ నింపేస్తుంది. ఫొటోలో వెలుగు ఎంతెంత ఉందో చూపే మామూలు హిస్టోగ్రామ్ (గ్రాఫ్) చూస్తే అంతా బాగానే ఉన్నట్టుంటుంది, కానీ ఎరుపు చానల్ అప్పటికే పైకి కొట్టుకుని ఉంటుంది. రేక మీది సన్నని ఎర్ర చారలు అక్కడే మాయమవుతాయి. రంగు చానళ్లను విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎరుపు అంచును తాకకుండా తగ్గించడమే మందు.

బురదలో ట్రైపాడ్

కాలు నిలబెట్టి ఫోకస్ చేసేలోపు ట్రైపాడ్ రెండు మిల్లీమీటర్లు కుంగుతుంది. ముందుగా కాళ్లను గట్టి నేల తగిలేదాకా చేత్తో నొక్కాలి. అయినా మెత్తటి నేలలో మన బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారితే కెమెరా కూడా కదులుతుంది. ఫోకస్ చేశాక కదలకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టడం నా అలవాటు. అడ్డంగా ఉన్న గడ్డిని కోయకుండా క్లిప్పుతో పక్కకు కట్టి, అయ్యాక విప్పేస్తాను. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది మన కాళ్లే. డ్రోసెరా ఒకటి కనిపించిందంటే చుట్టూ కనపడని పిల్ల మొక్కలు ఉంటాయి. పడుకునే చోటును ముందు కంటితో గాలించి, ఒకే దారిలో వెళ్లి అదే దారిలో రావాలి.

కలువ, జమ్ము

వీటికి పెద్దగా కష్టపడలేదు. కలువలో కొన్ని జాతులు పగలు పూస్తాయి, కొన్ని రాత్రి పూసి పొద్దెక్కాక ముడుచుకుంటాయి. ఏ వేళకు తెరిచి ఉందో ఫొటో సమయంతో పాటు రాసుకుంటే అదీ గుర్తింపుకు పనికొస్తుంది. ఆకు మీద ఆకాశం పడి తెల్లగా మెరుస్తుంటే, పోలరైజర్‌తో అసలు పచ్చదనం, ఈనెలు బయటపడ్డాయి. తామర ఆకుకు చీలిక ఉండదు, కలువ ఆకుకు కాడ దాకా చీలిక ఉంటుంది. అది తెలియాలంటే ఆకును పైనుంచి తీయాలి. గట్టు నుంచి ఏటవాలుగా తీస్తే ఆ చీలిక మూసుకుపోయినట్టు కనిపిస్తుంది. పలుచని మబ్బు ఉన్న రోజు తెల్ల కలువకు దేవుడిచ్చిన డిఫ్యూజర్.

జమ్ములో చూడాల్సింది కండెలో పై మగ భాగానికి, కింది ఆడ భాగానికి మధ్య ఖాళీ. టైఫా ఆంగుస్టిఫోలియాలో ఆ ఖాళీ ఉంటుంది, టైఫా లాటిఫోలియాలో రెండు భాగాలూ సాధారణంగా అంటుకునే ఉంటాయి. దీనికి మంచి వెలుతురు అక్కర్లేదు. ఆకాశాన్ని వెనక పెట్టుకుని, మొక్క నల్లటి ఆకారంలా వచ్చినా ఆ ఖాళీ స్పష్టంగా కనిపిస్తుంది. నిజానికి అలాగే బాగా కనిపిస్తుంది. గాలికి ఊగుతూనే ఉంటుంది కాబట్టి సెకనులో 500వ వంతుకు తగ్గలేదు.

ఆవిడ తీసుకున్నవి, తిప్పి పంపినవి

డ్రోసెరాలో జిగురు ఫొటో, పైనుంచి తీసినది రెండూ ఉంచుకున్నారు. నాకు బాగా నచ్చిన ఒక ఫొటోను, నీరెండలో డ్రోసెరా గుంపంతా ఎర్రగా వెలుగుతున్నదాన్ని, తిప్పి పంపారు. ఎండ బాగా తగిలే చోట ఈ మొక్క నిజంగానే ఎర్రబడుతుంది, నీడలో పచ్చగా ఉంటుంది. ఆ ఫొటోలో ఎరుపు మొక్కదా, పొద్దుటి వెలుతురుదా అన్నది తేలడం లేదన్నారు. వాదించడానికి ఏమీ లేదు. దాని స్థానంలో, అదే గుంపును పలుచని మబ్బులో, రంగు సరిచూసుకోవడానికి బూడిద కార్డు పక్కన పెట్టి తీసినది ఇచ్చాను. చూడ్డానికి చప్పగా ఉంటుంది, కానీ రంగును నమ్మొచ్చు.

యుట్రిక్యులేరియాలో ఒక్కటి మిగిలిపోయింది. పువ్వు వెనక వైపు కొమ్ములా పొడుచుకొచ్చే భాగాన్ని పక్క నుంచి చూపించే ఫొటో. పువ్వులు గట్టు వైపు తిరిగి ఉన్నాయి, వెనక్కి వెళ్లాలంటే మొక్కల మధ్యలోంచి నడవాలి. పూత ఉండగానే చిన్న అద్దంతో ప్రయత్నించవచ్చా అని చూస్తున్నాం. అద్దంలో తీస్తే ఎడమ కుడి తారుమారవుతాయి, ఆ సంగతి ఫొటో కిందే రాయాలి.

ప్రతి ఫొటో కింద తీసిన సమయం, ఎండా మబ్బా, డిఫ్యూజర్ ఉందా, పోలరైజర్ ఉందా అన్నది రాసిచ్చాను. ఫైళ్లలో నిక్షిప్తమయ్యే జీపీఎస్ వివరాలను ఆవిడకిచ్చిన సెట్‌లో ఉంచి, బయటికెళ్లే కాపీల్లో తీసేశాను. మాంసాహార మొక్కలను తవ్వుకుపోయి అమ్మేవాళ్లున్నారు. జీవుల ఫొటోలు పంచుకునే ఐనాచురలిస్ట్ లాంటి వెబ్‌సైట్లలో ముప్పున్న జాతుల స్థానాన్ని దానంతటదే మసక చేస్తారు కానీ, ఫొటో ఫైలును నేరుగా ఎవరికైనా పంపితే ఆ రక్షణ ఉండదు.